హోమ్ పేజీ మీద పోచన్న

శుక్రవారం ఉదయం పదిన్నర. షార్జా రోలాలో ఒక కుట్టుషాపు పైగదిలో అజ్రా అద్దెకు తీసుకున్న ఒక్క బల్ల ఆఫీసు. అబుదాబీ పక్కన ముసఫ్ఫాలో ఒక గ్యారేజీలో కార్లకు రంగులు కొట్టే దయాకర్ రెండు బస్సులు మారి, కబురైనా పెట్టకుండా వచ్చి ఆమె ముందు నిలబడ్డాడు. అతని బొమ్మల వెబ్‌సైటును నడిపేది ఆమె.

“తీసెయ్యి మేడం. ముందుగాల అది తీసెయ్యి, అటెంక కూసుంట.”

“నెల్లూరు నుంచి మొన్ననే మలై కాజాలొచ్చినాయి, తింటా మాట్లాడదాం. కూర్చోండన్నా. ఏది తీసెయ్యాల?”

“ఎర్క లేనట్టు అడుగుతున్నవు. షూ ఇడుస్తున్న మనిషి బొమ్మ. సైటు తెరవంగనే ఎదురుంగ కనవడుతది గద, గది.”

“హోమ్ పేజీ మీదుండేదా?”

“ఏ పేజీయో నాకు తెల్వది. తీసెయ్యి.”

“అన్నా, రేపు సాయంత్రం అబుదాబీలో మీ ఎగ్జిబిషన్. ఆ బొమ్మే పోస్టరు. ఈ పొద్దొచ్చి తీసెయ్యమంటుండారా?”

“అంటున్న.”

“ఎందుకని?”

“ముక్కు మంచిగ రాలే.”

“ముక్కు.”

“ఆఁ. జర వంకరొచ్చింది. పాత కారు బానెట్ మీద గద, ప్రైమర్ ఆరకముందే గీసిన.”

“ఆ వంకర ముక్కును పదకొండు వేలమంది చూసినారన్నా. ఒక్కరంటే ఒక్కరు ముక్కు గురించి రాయలా.”

“పదకొండు వేలమందా?”

“నిన్నటికి. పొద్దున్నుంచి ఇంకా చూడలా. ఆరు నెలలుగా ఆ సైటును నేను రోజుకు నలభైమంది చూస్తే చాలనుకుంటా నడిపినా. ఈ ఒక్క బొమ్మ పైన పెట్టినాక ఇట్టా లేచింది. బొమ్మ కింద రెండు ముక్కలు రాసి నేను ఎంతమందికి పంపినానో మీకు తెలీదు.”

“నువ్వు రాసిన ముక్కలు గూడ సదివిపిచ్చుకున్న. ఎండల కన్నీళ్లతోని రంగులు కలుపుకుంటడని రాసినవు. నేనెప్పుడు ఏడ్చిన? థిన్నర్ తోని కలుపుతరు రంగులు.”

“అట్టా రాస్తేనే చదువుతారన్నా.”

“ఆ బొమ్మ పెట్టుమని నీకెవలు జెప్పిన్రు?”

“మీరే కదా ఫోటోలు తీసుకోమని...”

“ముప్పై ఇచ్చిన. లెక్కవెట్టి ఇచ్చిన. గండ్ల అది లేదు. దాన్ని గోడకు తిప్పి వెట్టిన.”

“చూసినా.”

“సూసినవా?”

“మీ రూముకొచ్చినప్పుడు. మీరు కిందికి నీళ్ళ సీసాలకు పోయినారు. గోడకానించి ఉండింది. ఊరికే తిప్పి చూసినా. అన్నా, మీరు వేసిన వాటన్నింట్లో అదే బొమ్మ. వెనకాల మీ చేత్తోనే రాసుండారు, అల్ ఐన్, 2023 అని. ఫోటో తీసినా. పెట్టినా.”

“నన్నడిగినవా?”

“అడగలా.”

“గదే.”

“అడిగుంటే ఇచ్చేవాళ్ళా?”

“ఇయ్యకపోదును.”

“అందుకే అడగలా.”

“బాగున్నది. పేరేమో నాది, పాస్‌వర్డేమో నీది. నా బొమ్మ నేను తీసుకుందమంటె ముసఫ్ఫా నుంచి బస్సెక్కి నీ కాడికి రావాలె.”

“అట్టా మాట్లాడబాకండి. ఉన్న ఉద్యోగం మానుకోని ఈ బల్ల తీసుకున్నా నేను. మా అమ్మ రోజూ అడగతుంది, కార్లకు పెయింటు కొట్టే ఎవరో మనిషి కోసం ఆఫీసు వదులుకున్నావా అని. రేపు ఆ హాలు గోడ మీద మీ పేరు ఫోటో తీసి ఆమెకు పంపాలనుకున్నా.”

“నాకు లేదా ఆశ? పదిహేనేండ్లాయె స్ప్రే గన్ను పట్టి. ఎవలెవలి కార్లకో మెరుపు వెట్టుడే. నా పేరు ఒక గోడ మీదికెక్కుతదంటె నాకు సంబరం గాదా? ఎగ్జిబిషన్ వద్దంటలేను. గదొక్కటి వద్దంటున్న.”

“అదొక్కటి లేకపోతే ఎగ్జిబిషన్ లేదు. వాళ్ళు ఒప్పుకుందే దాన్ని చూసి.”

“అయితె ఖలాస్. ఎగ్జిబిషనే వద్దు.”

“అన్నా.”

“ఏంది.”

“ముక్కు వంకరొచ్చిందని ఎవరూ ఎగ్జిబిషన్ వదులుకోరు.”

“గాయనకు ఇష్టం లేదు. బొమ్మల ఉన్నాయనకు.”

“ఎవరాయన?”

“ఎవలో. ఖర్జూరం తోటల పని చేస్తడు.”

“పేరు?”

“పేరుతోని నీకేం పని?”

“అన్నా, ఆయన పేరు పోచన్నా?”

“నీకెవలు జెప్పిన్రు?”

“సైటుకొచ్చింది. కింద మాకు రాయండి అని ఒక ఫారం ఉంటుంది కదా, దాంట్లో. తొమ్మిది రోజులైంది.”

“తొమ్మిది దినాల నుంచి నాకు జెప్పలే?”

“మీరు ఫోన్ ఎత్తితే కదా. ఎత్తినా గ్యారేజీలో ఉండా, పనిలో ఉండా అని పెట్టేస్తిరి.”

“ఎవలు రాసిన్రు?”

“ఐలవ్వంట. జగిత్యాల దగ్గర పల్లె. కూతురి చేత రాయించినట్టుంది. చదువుతా వినండి.”

“వద్దు.”

“వినాల మీరు.”

“వద్దంటున్న గద.”

“‘సారు గారికి నమస్కారాలు. నా పేరు ఐలవ్వ. మీ బొమ్మలో షూ విప్పుతున్న మనిషి నా భర్త పోచన్న. ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. మీరు అది కూడా వేశారు. నా భర్త 2020లో కరోనా వచ్చి అక్కడే చనిపోయాడు. శవం రాలేదు. అక్కడే దహనం చేశారని కాగితం వచ్చింది. మేము ఇక్కడ దినాలు చేసుకున్నాము. మీ బొమ్మ కింద 2023 అని ఉంది. మీరు ఆయనను ఎప్పుడు చూశారు సారూ.’ అంతే. చివర్లో ఫోన్ నంబరుంది. నీళ్ళు తాగండన్నా.”

“జవాబిచ్చినవా?”

“ఇచ్చినా.”

“ఏమని?”

“ఆర్టిస్టును అడిగి చెప్తామని.”

“గంతేనా?”

“ఆ ఉత్తరం ఎగ్జిబిషన్ వాళ్ళకు పంపినా. పేర్లు కొట్టేసే పంపినాలే. కరోనాలో పోయిన స్నేహితుణ్ణి మరిచిపోలేక మూడేళ్ళ తర్వాత వేసిన బొమ్మ అని, చెవి చూసి భార్య గుర్తుపట్టిందని. వాళ్ళు దాన్ని పెద్దక్షరాల్లో అచ్చేయించి రేపు బొమ్మ పక్కన పెడతుండారు. పేపర్ల వాళ్ళను కూడా పిలిచినారు.”

“ఆమె ఏడుపు గూడ పోస్టరుకెక్కిచ్చినవు.”

“నేననుకుంది అదే కదన్నా. చనిపోయినాయన్ని తలుచుకోని వేసినారని. ఇంకోటి ఎట్టనుకుంటా ఎవరైనా?”

“మంచిగనే అనుకున్నవు.”

“తలుచుకోనే వేసినారు కదా?”

“ఆఁ.”

“మరి అల్ ఐన్ అని ఎందుకు రాసినారు? ఆయన ఉండింది ముసఫ్ఫా క్యాంపులో అని మళ్ళీ రాసింది ఆమె.”

“మర్చిపోయి రాసిన.”

“2023?”

“గదీ మర్చిపోయే.”

“షూ నిండా తడి మట్టి వేసినారు. ఎడారి గాలికొచ్చే మట్టి కాదది, అప్పుడే నీళ్ళు పారిన మట్టి. కాలి దగ్గర ఖర్జూరం ఈనె విరిగి పడుంది. ముసఫ్ఫా క్యాంపులో ఖర్జూరం ఈనె యాడిది?”

“నువ్వు బొమ్మలు సూడనేర్సినవు మేడం.”

“ఆరు నెలలుగా మీ బొమ్మలే చూస్తుండా. చెప్పండన్నా.”

“మనిషి ఎదురుంగ కూసుంటెనే గట్లొస్తది.”

“కూర్చున్నాడా?”

“చెట్లకు నీళ్లు వెట్టొచ్చి గట్టు మీద కూసున్నడు. షూ ఇడుస్తుండె. గీయకురా అన్నడు. నేను గీసిన.”

“2023లో.”

“2023ల.”

“అంటే బతికే...”

“మెల్లగ మాట్లాడు. కింద కుట్టు మిషనాయన మా దిక్కోడే.”

“ఇప్పుడు కూడానా?”

“మొన్న మంగళారం మాట్లాడిన. తోట ముదీర్, గదే మేనేజరు, గాయనకు ఫోన్ల బొమ్మ చూపిచ్చిండట. నువ్వే గద, మషూర్ అయినవు గద అని నవ్విండట. ఇయ్యాల నవ్వుతడు. రేపు ఇంకొకనికి చూపిస్తడు. పోచన్న దగ్గర ఒక్క కాయిదం లేదు మేడం. మొఖం నువ్వు చూపెట్టినవు, కింద ఊరి పేరు రాసినవు. గాయన బట్టలు మూట గట్టుకోని కూసున్నడు, యాడికి పోవాల్నో తెల్వక.”

“ఆగండి. ఆగండి, తీస్తుండా. ఇదిగో, ఈ పేజీ డిలీట్. హోమ్ పేజీ మీదది కూడా... అయిపోయింది. చూడండి.”

“పోయిందా?”

“సైటులో పోయింది.”

“అంటె?”

“జనాలు వాళ్ళవాళ్ళ ఫోన్లలో పెట్టుకున్నవి, ఇంకొకరికి పంపినవి నా చేతిలో లేవన్నా.”

“ఎన్నుంటయి?”

“తెలీదు.”

“పోస్టరు?”

“ఉండండి, ఫోన్ చేస్తా.”

అజ్రా ఎగ్జిబిషన్ హాలుకు ఫోన్ చేసి హిందీలో మాట్లాడింది. దయాకర్‌కు ఆమె మాటలు మాత్రమే వినిపించాయి.

“మేడం, షూ విప్పే బొమ్మ రావడం లేదు... లేదు, పాడు కాలేదు... ఆర్టిస్టు వద్దన్నారు... పోస్టర్లు అచ్చయినాయని తెలుసు. ఆ ఉత్తరం కూడా పెట్టొద్దు. దయచేసి చించేయండి... తప్పు నాదే, ఆయన్ని అడగకుండా ఇచ్చాను... అలాగైతే రద్దు చేయండి. అవును మేడం. నేనే చెప్తున్నాను. రద్దు చేయండి.”

“ఏమన్నరు?”

“ఆ గోడకు ఇంకెవరినో చూసుకుంటారంట. నన్ను మళ్ళీ ఫోన్ చేయొద్దన్నారు. పోస్టర్లు దించుతారు.”

“నీ కష్టమంత పాయె.”

“అది తర్వాత చూసుకుందాం. ముందు చెప్పండి. బతికుండే మనిషి చనిపోయినాడని కాగితం ఎట్టా పోయింది?”

“సెప్తె నీకెందుకు...”

“ఆమె నన్ను అడిగిందన్నా. మిమ్మల్ని కాదు. నా సైటులో, నా ఫారంలో రాసింది.”

“రూముల ఆరుగురుంటిమి. గండ్ల ఒకనికి ఈడి గుర్తింపు కార్డు లేకుండె. విజిట్ వీసా మీద అచ్చి, అన్నీ బందువడితె ఇరుక్కపోయిండు. వానికి జరమొచ్చింది. మూడో దినం ఊపిరి అందక గోడకు ఆనుకోని కూసున్నడు, పండుకుంటె సస్తనని. కార్డు లేకుంటె దవాఖానకు తీస్కపోతరో పోరోనని మాకు భయం. నిజమో అబద్ధమో అడుగుదమంటె తలుపు బయట అడుగు వెట్టనిస్తలేరు. పోచన్న తన కార్డు తీసి వాని జేబుల వెట్టిండు.”

“ఫోటో వేరే కదా.”

“మొఖాలకు మాస్కులు. అందరికీ గడ్డాలు పెరిగినయి. ఆ దినాలల్ల ఎవల మొఖం ఎవలు సూసిన్రు? తీస్కపోయిన్రు. నాలుగో దినం ఫోనొచ్చింది, పోచన్న సచ్చిపోయిండు అని. ఆ ఫోను ఎత్తింది పోచన్ననే.”

“చెప్పొచ్చు కదా అప్పుడే. నేనే పోచన్నను అని.”

“కార్డిచ్చుడు తప్పు గద, జేల్ల ఏస్తరని బుగులు. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట వారం గడిచింది. గింతల్నే కంపెనీ ఊరికి కబురు వెట్టింది. దినాలయినయి. ఆమెకు గాజులు తీసిన్రు. ఇంక ఏ మొఖం వెట్టుకోని చెప్తడు? క్యాంపు ఇడిసి తోటలకు పోయిండు.”

“పోయినేడు జరిమానా లేకుండా ఇంటికి పొమ్మని ఆమ్నెస్టీ ఇచ్చినారు కదా. కాగితాల్లేనోళ్ళంతా పోయినారు.”

“పోలే. వేలిముద్ర వెడితె సచ్చినోడని వస్తదేమో, అప్పుడేం జేస్తరో అని.”

“సరే, అధికారులకు భయపడినాడు. పెళ్ళానికేం భయం? ఐదేళ్ళన్నా. ఒక్క ఫోన్. నేనుండా, ఎవరికీ చెప్పబాకు అని. ఆ మాత్రం చేయలేకపోయినాడా?”

“చేస్తననే అన్నడు.”

“ఎప్పుడు?”

“మస్తు సార్లు. ఒకసారి నంబరు గూడ నొక్కిండు. నేను పక్కన్నే ఉన్న.”

“మరి?”

“ఆపిన్రు.”

“ఎవరు?”

“ఒకలు ఆపిన్రు. కాళ్లు పట్టుకోని ఆపిన్రు. ఒక్క ఏడాదాగు పోచన్నా అన్నరు. ఏడాదయినంక ఇంకొక్క ఏడాది అన్నరు.”

“వాళ్ళకేం పోయింది ఈయన ఫోన్ చేసుకుంటే?”

“పోయేది ఉన్నది గనకనే ఆపిన్రు.”

“ఎవరన్నా ఆ మనిషి? ఒక ఆడమనిషిని ఐదేళ్ళు ఉత్తినే ముండమోపిని చేసి కూర్చోబెట్టినాడే, ఆయనకు నిద్రెట్టా పట్టింది?”

“పట్టలే.”

“మీకెట్టా తెలుసు?”

“…చాయ్ ఇప్పిస్తవా?”

“నేను ఐలవ్వకు రాస్తుండా. ఇప్పుడే.”

“ఏమని?”

“మీ ఆయన బతికుండాడని.”

“గాయనను అడగకుంటనేనా? మళ్ల అడగకుంటనే చేస్తవా మేడం?”

“…సరే. అడగండి. నా ముందే చేయండి ఫోన్.”

దయాకర్ లేచి మెట్ల వైపు తలుపు మూశాడు. తర్వాత నంబరు నొక్కాడు.

“పోచన్నా, నేను. ఆఁ, తీసేపిచ్చిన... ముదీర్ మళ్ల ఏమన్న అన్నడా?... మంచిది. ఇంకో ముచ్చట. ఐలవ్వ రాసింది... మన ఐలవ్వనే. బొమ్మ సూసి గుర్తువట్టిందట. చెవి సూసి... పోచన్నా. ఉన్నవా?... పోచన్నా.”

“ఏమంటుండాడు?”

“ఏమంటలేడు. నీళ్ల మోటరు సప్పుడే వస్తుంది.”

“అడగండి. ఆమెకు చెప్పమంటాడా వద్దా.”

“పోచన్నా, మేడం అడుగుతుంది. ఆమెకు జెప్పాల్నా?... ఆఁ... ఆఁ... గట్లనకు... లే, నేనేమనుకోను. పెడుతున్న.”

“చెప్పమన్నాడా?”

“నీ ఇష్టం దయాకరా అన్నడు.”

“మీ ఇష్టమా? దీంట్లో మీ ఇష్టమేంది? ఆయన ప్రాణం, ఆయన పెళ్ళాం.”

“నా ఇష్టమేనట. ఇప్పటికీ గంతే అంటడు గాయన. ఎంత మంచోడో సూడు.”

“నాకేమీ అర్థం కాలా.”

“రాయి మేడం. బతికున్నడని రాయి.”

“నిజంగానా?”

“రాయి. మళ్ల నా మనసు తిరగకముందే రాయి.”

“‘ఐలవ్వ గారూ. మీ భర్త పోచన్న బతికే ఉన్నారు. ఆరోగ్యంగా ఉన్నారు. మీతో మాట్లాడతారు. ఈ సంగతి ఇప్పుడే బయట చెప్పకండి.’ చాలా?”

“సాలదు. సదవంగనే ఆమె ఒకటే అడుగుతది. మరి మేము దినాలు ఎవలకు జేసినం అని.”

“అవును. కార్డు లేని ఆయన. పేరేంది?”

“మల్లేశం.”

“వయసు?”

“ఇరువై మూడు నడుస్తుండె.”

“ఆ పేరు కూడా రాస్తుండా. ఆయన ఇంట్లో వాళ్ళకు తెలుసు కదా?”

“తెల్వది.”

“తెలీదా? మరి ఏమనుకుంటుండారు?”

“సౌదీల ఒంటెలు మేపుతున్నడు, అక్కడ ఫోన్ తగలది అనుకుంటున్నరు.”

“ఐదేళ్ళ నుంచా? అట్టని ఎవరు చెప్పినారు వాళ్ళకు?”

“చెప్పిన్రు ఒకలు.”

“అన్నా, ఈ జవాబు పోయిందంటే ఎంత చెప్పొద్దన్నా ఈ సాయంత్రానికి జగిత్యాల జిల్లా అంతా తిరుగుతుంది. నేనిప్పుడే చూసినా కదా, ఒక బొమ్మ ఎంతమందికి పోయిందో. వాళ్ళు ఇట్టా వినకూడదు. ముందు ఎవరో ఒకరు వాళ్ళకు చెప్పాల.”

“చెప్పాలె.”

“ఎవరుండారు ఇంట్లో?”

“తల్లి ఉన్నది. ఒక్కతే.”

“నంబరు ఇవ్వండి. నేను మాట్లాడతా. నిదానంగా, భయపెట్టకుండా చెప్తా. నా తప్పుకు ఆ మాత్రమన్నా చేయనీండి.”

“నువ్వొద్దు మేడం. నీ జవాబు ఒక్క గంట ఆగి పంపు. మా అమ్మ బీడీల కార్ఖాన నుంచి ఇంటికొచ్చే యాళ్లయింది, తమ్ముని సంగతి ఆమెకు నేనే జెప్త.”